పాత పెల్లెట్ పొయ్యి చప్పుళ్లు: ఏది సహజం, ఏది ప్రమాదం?

ఉప్పల్ కూడలి నుంచి వరంగల్ వెళ్లే రహదారి బోడుప్పల్, పీర్జాదిగూడ, నారపల్లి దాటి ఘట్‌కేసర్ చేరుతుంది. ఈ దారికి ఇరువైపులా ఉన్న బస్తీలలో ఇంటి వెనుక రేకుల షెడ్డు వేసుకుని విందు వంటలు చేసి బతికే కుటుంబాలు కొన్ని మాకు తెలుసు. మాదీ అటువంటి కుటుంబమే. రమజాన్‌లో ఇఫ్తార్ పొట్లాలు, మిగతా నెలల్లో వలీమా భోజనాలు, హాస్టళ్లకు క్యారియర్లు, ఇదీ మా జీవనోపాధి. 19 కిలోల వాణిజ్య సిలిండరు ఖర్చు మా వంటి చిన్న వంటశాలల లాభాన్ని మింగేస్తుంది. కట్టెల భట్టీ పెడదామంటే పక్కింటి మేడ మీద ఆరేసిన బట్టలన్నిటికీ పొగ పడుతుంది. అందువల్లనే చూపు పెల్లెట్ పొయ్యి వైపు మళ్లుతుంది. కొత్తది కొనే స్తోమత లేనివారు మూతపడిన క్యాంటీన్ నుంచో, హాస్టల్ నుంచో పాతదాన్ని తెచ్చుకుంటారు. దానితో పాటు వాడుక పుస్తకం రాదు, గ్యారంటీ రాదు. తప్పకుండా వచ్చేది చప్పుడు ఒక్కటే. ఆ చప్పుడును గుర్తుపట్టడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాం.

పెల్లెట్ అంటే ఏమిటో తెలియని పాఠకులకు ఒక మాట. వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు, వరి ఊక, చెరకు పిప్పి వంటి వ్యర్థాలను పొడి చేసి, యంత్రంలో గట్టిగా అదిమి తీసిన గుళికలివి. చూడటానికి పశువుల దాణా గుళికల్లా ఉంటాయి. మందం సాధారణంగా 6 లేదా 8 మిల్లీమీటర్లు. కిలో పెల్లెట్లు సుమారు 4,000 కిలో క్యాలరీల వేడినిస్తే, కిలో వంటగ్యాసు దాదాపు 11,000 ఇస్తుంది. అంటే లెక్క ప్రకారం ఒక వాణిజ్య సిలిండరుకు 50 కిలోల పైచిలుకు పెల్లెట్లు సమానం. ఆచరణలో ఇంకొంత ఎక్కువే పడతాయి.

మన దేశంలో ఈ పొయ్యి పెద్ద సంఖ్యలో ఇళ్లకు చేరినది ‘ఊర్జా’ పేరుతో. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో, 2006 ప్రాంతంలో బి.పి. సంస్థ దాన్ని విపణిలోకి తెచ్చింది. తరువాత ఆ వ్యాపారం పుణెకు చెందిన ఫస్ట్ ఎనర్జీ చేతికి వచ్చింది. 4 లక్షలకు పైగా పొయ్యిలు అమ్ముడుపోయాయి. అయితే ముడిసరుకు ప్రియమై పెల్లెట్ ధర పెరగడంతో చాలామంది గృహిణులు దాన్ని పక్కన పెట్టారు. కంపెనీ కూడా హోటళ్లు, క్యాంటీన్ల వైపు మళ్లింది. పొయ్యి మంచిదైనా ఇంధనం అందకపోతే అది అటకెక్కుతుందని ఈ ఉదంతం చెబుతోంది. అందువల్ల పాత పొయ్యి బేరం చేసే ముందే, పెల్లెట్లు ఎక్కడ దొరుకుతాయో, వానాకాలంలో కూడా దొరుకుతాయో లేదో విచారించుకోవాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. చిన్నదైనా పెద్దదైనా ఈ పొయ్యికి ప్రాణం దాని ఫ్యాను. ఫ్యాను తోసే గాలిలో కొంత కింది నుంచి పెల్లెట్ల గుండా పైకి వెళ్తుంది. ఆ వేడికి పెల్లెట్లు మండే వాయువును విడుస్తాయి. మిగతా గాలి పైన ఉన్న వలయపు రంధ్రాల గుండా వచ్చి ఆ వాయువును మండిస్తుంది. అందుకే పొగ లేని మంట వస్తుంది. వంటశాలల్లో వాడే పెద్ద పొయ్యిలకు వీటితో పాటు పెల్లెట్లు నింపే తొట్టి, వాటిని మంట వద్దకు నెట్టే మర, ఆ మరను తిప్పే గేరు మోటారు ఉంటాయి. కనుక చప్పుడు రాదగిన చోట్లు మూడే: ఫ్యాను, మర, మంట.

ఏది పలుకుతోందో తేల్చుకోవడానికి తేలికైన మార్గం ఉంది. మంట వేయకుండా, తొట్టిలో పెల్లెట్లు లేకుండా, ముందు ఫ్యానును మాత్రమే నడిపి వినాలి. తరువాత మరను కూడా కలపాలి. చివరగా పెల్లెట్లు వేసి వెలిగించాలి. చప్పుడు ఏ దశలో మొదలైందో లోపం ఆ దశలోనే ఉంటుంది. అయితే ఒక మెలిక. కొన్ని బేరింగులు చల్లగా ఉన్నప్పుడు మౌనంగా తిరిగి, వేడెక్కాక గోల చేస్తాయి. అందువల్ల పొయ్యి గంటసేపు మండిన తరువాత మరోసారి వినకుండా నిర్ణయానికి రాకూడదు. వినే చోటు కూడా ముఖ్యమే. రహదారి పక్క దుకాణంలో లారీల హోరులో ఏ బేరింగు గొంతూ వినపడదు.

ఫ్యాను దగ్గర గరగరమనే శబ్దం వస్తే అనుమానించవలసింది బేరింగునే. కరెంటు తీసివేసి, ఫ్యాను పూర్తిగా ఆగాక రెక్కను వేలితో నెమ్మదిగా తిప్పాలి. లోపల ఇసుక నలిగినట్లు అనిపించినా, ఇరుసు అటూ ఇటూ ఊగినా బేరింగు అరిగిపోయినట్లే. మెకానిక్కుల పాత ఉపాయం ఒకటుంది: పొడవాటి స్క్రూడ్రైవరు మొనను నడుస్తున్న మోటారు ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనుక ఎముకకు తాకించి వింటారు. ఏ వైపు బేరింగు చెడిందో స్పష్టంగా తెలుస్తుంది. రెక్కలకు, చీర కొంగుకు, దుపట్టాకు మధ్య దూరం ఉంచి మరీ ఈ పని చేయాలి. బేరింగు మీద ఉండే అంకెను చూసి అదే అంకె గలది తెచ్చుకోవాలి. చిన్న ఫ్యానుల్లో తరచు కనిపించే 608 రకానికి లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు. పొయ్యి పక్కన వాడేది కనుక రబ్బరు మూత ఉన్నదాని కన్నా లోహపు మూత ఉన్నదే మేలు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగుల దుకాణాలు వరుసగా ఉంటాయి. మోటారు చుట్టవలసి వస్తే నాచారం పారిశ్రామికవాడ వైపు విచారిస్తే సరిపోతుంది. ఇంట్లో ఉంది కదా అని వంటనూనె చుక్క వేసేవారున్నారు. అది కొద్ది రోజుల్లో జిగురుగా మారి, ఉన్న బేరింగును కూడా పట్టేస్తుంది. కుట్టు మిషను నూనె అయితే తాత్కాలికంగా ఉపశమనమిస్తుంది, అదీ మూత లేని చిన్న ఫ్యానులకే.

గరగర కాక పొయ్యి మొత్తం వణికితే దోషం బేరింగుది కాకపోవచ్చు. రెక్కల మీద బూడిద, నూనె మసి ఒక పక్క పేరుకుని తూకం తప్పి ఉంటుంది. బ్రష్షుతో శుభ్రం చేస్తే ఖర్చు లేకుండా పోయే జబ్బు ఇది. మోటారు గుయ్‌మంటూ తిరగకుండా ఉంటే, చేతితో కొద్దిగా తిప్పగానే అందుకుంటే, కెపాసిటరు బలహీనపడిందని అర్థం. కరెంటు తీసినా కెపాసిటరులో విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక ఆ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి.

ఫ్యాను స్వరం రోజులు గడిచేకొద్దీ సన్నబడుతూ, ఈల వైపు వెళ్తుంటే చాలామంది వేగం పెరిగిందని సంతోషిస్తారు. నిజానికి గాలి దారి మూసుకుపోతోంది. తోయడానికి గాలి లేక, భారం తగ్గి బ్లోయరు వేగంగా తిరుగుతోంది. జల్లెడ తీసి చూస్తే రంధ్రాల్లో బూడిద గడ్డకట్టి ఉంటుంది. వరి ఊక పెల్లెట్లు వాడేవారికి ఈ బెడద ఎక్కువ. ఊకలో బూడిద 15 నుంచి 20 శాతం వరకు ఉంటుంది, రంపపు పొట్టులో ఒక శాతం అటూ ఇటూ. చవకగా వచ్చిన పెల్లెట్ల అసలు ధర జల్లెడ గీకేటప్పుడు తెలుస్తుంది.

మర విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తిరిగిన ప్రతిసారీ ఒకే చోట కీచుమంటే, పెల్లెట్ల పొడి మరకూ గొట్టానికీ మధ్య దట్టించుకుని ఉంటుంది. తొట్టి ఖాళీ చేసి పొడిని పూర్తిగా తీసివేయాలి, నూనె పోయకూడదు. ప్రతి చుట్టుకు ఒకసారి టక్‌మంటే ఇరుసును పట్టి ఉంచే మరమేకు వదులైంది. వరుసగా టకటకమని, ఆ సమయంలో మర కదలకపోతే గేరు పళ్లు విరిగాయి. అప్పుడు పెల్లెట్లు అందక మంట చిన్నదవుతుంది, డేగ్చా దించలేక వంట మనిషి అవస్థ పడతాడు.

ఇప్పుడు మంట చేసే శబ్దాలు. వెలిగించిన కొద్దిసేపటికీ, ఆర్పిన తరువాతా వచ్చే టిక్కు టిక్కుమనే శబ్దానికి భయపడనక్కర లేదు. మీటరు పొడవున్న ఇనుప రేకు 500 డిగ్రీల మేర వేడెక్కితే సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లారాక అంతే ముడుచుకుంటుంది. ఆ సాగుడే పలుకుతోంది. పొయ్యి నిలకడగా మండుతున్నప్పుడు కూడా రేకు గలగలమంటుంటే మాత్రం అది కాలి పలచబడిందేమో, అతుకు విడిందేమో చూడాలి. చిటపటలు ఎక్కువైతే పెల్లెట్లలో తేమ గానీ మట్టి గానీ ఉంది. మంచి పెల్లెట్‌ను విరిస్తే టప్పున విరుగుతుంది, నీటి గ్లాసులో వేస్తే మునుగుతుంది. వంగి పొడిగా రాలిపోయేదీ, తేలేదీ కొనదగినవి కావు. మూత పక్కనుంచి ఈల వినిపిస్తే సీలు పాడై గాలి కారుతోంది. అక్కడ వేడి బూడిద రవ్వలు కూడా బయటపడవచ్చు.

వీటన్నిటికీ సమయం దొరుకుతుంది, మరమ్మతు మరునాటికి వాయిదా వేయవచ్చు. ధబ్‌మనే శబ్దానికి అటువంటి వెసులుబాటు లేదు. మంట ఆరిపోయినా పెల్లెట్లు వాయువును విడుస్తూనే ఉంటాయి. అది పొయ్యిలో నిండి, ఒక్క నిప్పురవ్వ తగలగానే ఒక్కసారిగా అంటుకుంటుంది. తగ్గిపోతున్న మంట మీద ఒకేసారి బుట్టెడు పెల్లెట్లు కుమ్మరించినప్పుడు ఇదే జరుగుతుంది. తెల్లని దట్టమైన పొగ లేస్తుంటే అగ్గిపుల్ల గీయకూడదు, ముఖం పొయ్యి మీదికి వంచకూడదు. తలుపులన్నీ తెరిచి, ఫ్యానును నడవనిచ్చి, పొగ పోయిన తరువాతనే తిరిగి వెలిగించాలి.

దీనికన్నా ప్రమాదకరమైనది మరొకటుంది. అది చప్పుడు కాదు, చప్పుడు ఆగిపోవడం. కరెంటు పోయి ఫ్యాను హఠాత్తుగా మౌనం వహిస్తే, గోల తగ్గిందని ఊరట చెందే క్షణంలోనే పొయ్యి విషం కక్కడం మొదలుపెడుతుంది. గాలి చాలని నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం దాని తొలి గుర్తులు. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులు కూడా తెలియవు. సహరీ వంట కోసం రాత్రంతా పని చేసి, అలసిపోయి షెడ్డులోనే ఓ మూల నడుం వాల్చే అలవాటు మన వంటశాలల్లో ఉంది. చలికాలంలో పిల్లల్ని కూడా ఆ వెచ్చదనంలోనే పడుకోబెడతారు. మా ఇంట్లో దీన్ని పూర్తిగా నిషేధించాం. మంట ఆరి బొగ్గులు మాత్రమే ఎర్రగా మిగిలిన పొయ్యి కూడా ఇదే వాయువును విడుస్తుందని పెద్దవారికి నచ్చజెప్పడానికి కొంత సమయం పట్టింది. పొగ లేదు కదా అన్నది వారి వాదన.

తొట్టి ఉన్న పొయ్యిల్లో ఫ్యాను ఆగితే మరో ముప్పు, నిప్పు గొట్టం గుండా వెనక్కి పాకి తొట్టిని చేరడం. తొట్టి గోడ వేడెక్కినా, మూత సందుల్లోంచి పొగ వచ్చినా మూత తెరవకూడదు. గాలి తగిలిందంటే మంట లేస్తుంది. మనుషుల్ని దూరంగా పంపి, అదుపు తప్పుతోందనిపిస్తే ఆలస్యం చేయక 101కి ఫోను చేయాలి. ఫ్యానుకూ మరకూ ఇన్వర్టరు కలిపి ఉంచడం ఈ రెండు ముప్పులకూ తగిన ముందు జాగ్రత్త. ఇంట్లో బల్బులకు ముందు దీనికే ఆ వైరు లాగించాలని మా అభిప్రాయం.

బేరం గురించి కూడా చెప్పాలి. ఇస్లామీయ వ్యాపార నియమాలలో సరుకు లోపాన్ని దాచడం అమ్మేవానికి ధర్మసమ్మతం కాదు. ధాన్యపు రాశి పక్కగా వెళ్తూ దైవప్రవక్త (స) అందులో చేయి పెట్టి, అడుగున తడిని గుర్తించి, దాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీసిన ఉదంతం సహీహ్ ముస్లింలో నమోదై ఉంది. అమ్మకానికి ముందే ఉండి, కొన్నవానికి తెలియని లోపం తరువాత బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కు ఉంటుంది. ధర్మవేత్తలు దీన్ని ఖియారుల్ ఐబ్ అంటారు. లోపం తెలిసి కూడా ఒప్పుకుని కొన్నవానికి ఆ హక్కు లేదు. కనుక అమ్మేవారు ‘బేరింగు మోగుతుంది, మరమ్మతు ఖర్చు మీదే’ అని ముందే చెప్పడం వారికే క్షేమం. మేము చూసిన బేరాల్లో అలా చెప్పినవారి పొయ్యికి ధర కాస్త తగ్గింది, తగవు మాత్రం రాలేదు. చెప్పనివారి పొయ్యి రెండో రోజే ఆటోలో వెనక్కి వెళ్లింది.

చూడటానికి వెళ్లేటప్పుడు పది కిలోల పెల్లెట్లు, టార్చి, స్క్రూడ్రైవరు మీరే తీసుకువెళ్లండి. అమ్మేవారి పెల్లెట్లు బాగున్నాయా, పొయ్యి బాగుందా అనే సందేహం అప్పుడు ఉండదు. గంటసేపు మండించడానికి ఒప్పుకోనివారితో బేరం సాగించవద్దు. కొన్న తరువాత బేరింగులు ఒక జత, కెపాసిటరు ఒకటి, మూత సీలు ఒకటి షాబాన్ నెలలోనే తెచ్చి పెట్టుకోవాలి. రమజాన్ ఇరవయ్యో రోజు అస్ర్ వేళ ఫ్యాను ఆగితే, రాణీగంజ్ వెళ్లి తిరిగి ఘట్‌కేసర్ చేరేసరికి మగ్రిబ్ అజాన్ అయిపోతుంది.