జన్యుపరిష్కరణ: ఔషధ సూక్ష్మజీవులలో కోత నుండి అక్షరసవరణకు

1. ప్రవేశిక:
2008లో శంషాబాదులో ప్రారంభమైన విమానాశ్రయం నుండి విదేశాలకు వెళ్ళే సరకులలో ఔషధాలది ప్రధానస్థానం. అయితే మనం వాడే అనేక యాంటీబయాటిక్‌ల పుట్టుక మట్టిలోనే ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలో, బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుండి ఆరియోమైసిన్‌ను సాధించారు. 1948లో అది వెలుగులోకి వచ్చింది. ఈ జాతి జీవుల జన్యువులను సవరించే పద్ధతి ఎందుకు మారవలసివచ్చిందో వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. నిద్రాణ జన్యువులు:
మట్టిని ఎంత జల్లెడపట్టినా తెలిసిన మందులే మళ్ళీ దొరకసాగాయి. మరోవైపు రోగకారక క్రిములు ఉన్న మందులకు లొంగకుండా పోతున్నాయి. ఈ స్థితిలో 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జన్యుక్రమం వెలువడింది. సుమారు 87 లక్షల క్షారజంటలున్న ఆ క్రమంలో, సహజ సమ్మేళనాలను తయారుచేయగల జన్యుసముదాయాలు 20కి పైగా కనిపించాయి. వాటిలో అనేకం ప్రయోగశాలలో నిద్రాణంగా ఉంటాయి. ఏ జన్యువు ఏ సమ్మేళనానికి మూలమో తెలియాలంటే, దాన్ని మార్చి ఫలితాన్ని గమనించాలి.

3. కోతలోని చిక్కు:
2015 నాటికి క్రిస్పర్-కాస్9 పద్ధతి ఈ జీవులలో వాడుకలోకి వచ్చింది. 20 అక్షరాల మార్గదర్శక ఆర్‌ఎన్‌ఏ చోటును చూపితే, కాస్9 అక్కడ డీఎన్ఏ రెండు పోగులనూ తెంచుతుంది. తెగినచోటు అతకకపోతే కణం చనిపోతుంది. పైగా ఈ జన్యుక్రమంలో 70 శాతానికి మించి గ్వానిన్, సైటోసిన్‌లే ఉండటంవల్ల, లక్ష్యాన్ని పోలిన ఇతర చోట్ల కూడా కోత పడే ప్రమాదముంది. ఒక్కొక్కసారి క్రోమోజోములో పెద్ద భాగాలే లోపిస్తాయి.

4. అక్షరసవరణ:
తాళపత్రంలో ఒక అక్షరం తప్పుంటే పరిష్కర్త ఆకును రెండుగా కోయడు, ఆ అక్షరాన్నే దిద్దుతాడు. 2019లో ప్రకటితమైన క్రిస్పర్-బెస్ట్ పద్ధతి సూత్రం ఇటువంటిదే. ఇందులో కాస్9 ఒక పోగుకు మాత్రమే గాటు పెడుతుంది. దానికి జతచేసిన ఎంజైము సైటోసిన్‌ను థైమిన్‌గా మారుస్తుంది. తగిన చోట ఈ మార్పు జరిగితే ప్రోటీన్ తయారీని ఆపే సంకేతం ఏర్పడి, ఆ జన్యువు పనిచేయడం మానుతుంది. అడినిన్‌ను గ్వానిన్‌గా మార్చే మరో రూపం కూడా ఉంది.

5. ముగింపు:
ఈ పద్ధతికీ హద్దులున్నాయి. అన్ని అక్షరమార్పులూ దీనికి సాధ్యం కావు; అనుకోని చోట మార్పు జరిగే అవకాశం తగ్గుతుందే తప్ప తొలగిపోదు. అందుకే సవరణ తరువాత మొత్తం జన్యుక్రమాన్ని తిరిగి చదివి సరిచూడాలి. పాఠపరిష్కరణలో మనం పాటించే నియమమూ ఇదే కనుక, ఈ ప్రక్రియకు ‘జన్యుపరిష్కరణ’ అనే పేరు తెలుగులో సార్థకమని భావిస్తున్నాను.