జేబులో ఇఖామా

మా మదర్సాలో చదివి, ఇప్పుడు రియాద్‌లో డ్రైవరుగా పనిచేస్తున్న శిష్యుడొకడు మొన్న ఫోనులో అడిగాడు: "హజ్రత్! రెండేళ్ళు ఇంటికి దూరంగా ఉండే నేను ముసాఫిర్‌నే కదా, నమాజు ఖస్ర్ చేసుకోవచ్చునా?"

హనఫీ ఫిఖహ్ ప్రకారం ఒకచోట 15 రోజులు, లేక అంతకు మించి ఉండాలని సంకల్పించినవాడు ముఖీమ్, అంటే నివాసి. అతడు జుహర్, అసర్, ఇషాలలో నాలుగేసి రకాతులూ పూర్తిగా చేయవలసిందే. "నీ జేబులోని కార్డు పేరేమిటి బేటా?" అన్నాను. "ఇఖామా" అన్నాడు. ఆ అరబీ పదానికి అర్థం నివాసమే.

కొంతసేపు అతడు మాట్లాడలేదు. పెట్టె ఇంకా పూర్తిగా విప్పలేదట. పక్కగది వారి పేర్లు తెలియవట. జుమాకు తప్ప మస్జిదుకు వెళ్ళడట. 'ఎలాగూ వెళ్ళిపోయేవాణ్ణే కదా' అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపాడు. నమాజు కంటే ముందే బ్రతుకును ఖస్ర్ చేసుకున్నాడు పాపం!

ఇంటిని మరువమని కాదు. పని ముగియగానే త్వరగా ఇంటివారిని చేరుకోవాలని దైవప్రవక్త (స) ప్రయాణికునికి బోధించినట్లు బుఖారీలో ఉంది. అయితే అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఇషా తరువాత ఫోను చేస్తే పాప నిద్రపోయి ఉంటుంది. ఫజ్ర్ జమాతు నుండి తిరిగి వస్తూ చేయమన్నాను. నిన్న పాప జడ వేయించుకుంటూ ఫాతిహా సూరా అప్పజెప్పిందట.