తిమింగలానికి చుట్టాలెవరు?

తిమింగలం చేప కాదనీ, క్షీరదమనీ మీరు చిన్న తరగతుల్లోనే చదువుకొని ఉంటారు. అయితే క్షీరదాల్లో అది ఏ జంతువుకు దగ్గర చుట్టమో చెప్పగలరా? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి దాదాపు 250 ఏళ్లు పట్టింది. ఆ జవాబులో ఒక ముక్క మన దేశపు రాళ్లలోనే దాగి ఉంది.

ముందుగా, క్షీరదమంటే ఏమిటి? పిల్లలకు పాలిచ్చేది, ఒంటి మీద వెంట్రుకలున్నది అంటాం. నున్నగా కనిపించే తిమింగలాలకు కూడా, కనీసం పుట్టక ముందు, మూతి మీద కొన్ని వెంట్రుకలుంటాయి. కాని పాలూ వెంట్రుకలూ శిలాజాల్లో మిగలడం అరుదు. అందుకని శాస్త్రజ్ఞులు ఎముకలు చూస్తారు. క్షీరదాల కింది దవడలో ఒక్కో వైపు ఒకే ఎముక ఉంటుంది. మధ్య చెవిలో సుత్తి, దాగలి, అంకవన్నె ఆకారాల్లో మూడు చిన్న ఎముకలుంటాయి. వీటిలో మొదటి రెండూ సరీసృపాల్లో దవడ కీలుగా పనిచేసిన ఎముకలే!

ఇప్పటికి గుర్తించిన క్షీరద జాతులు 6,000కు పైనే. గుడ్లు పెట్టే ప్లాటిపస్, ఎకిడ్నాలు ఒక శాఖ. కంగారూ వంటి సంచి జంతువులు మరొకటి. మిగిలినవన్నీ, మనతో సహా, జరాయువు ద్వారా పిండాన్ని పూర్తిగా పెంచేవి.

లిన్నేయస్ 1758లో ఈ వర్గానికి 'మమ్మేలియా' అని పేరు పెట్టి, అంతవరకు చేపల్లో ఉంచిన తిమింగలాలను ఇందులోకి తెచ్చాడు. కాని ఇక్కడా వాటికి తోడు దొరకలేదు. విడిగా ఒక క్రమంలో పెట్టి ఊరుకున్నారు. దంతాల పోలికను బట్టి, ఎప్పుడో అంతరించిన మాంసాహార జంతువులేవో వాటి పూర్వీకులని చాలాకాలం నమ్మారు.

1990లలో డి.ఎన్.ఏ. పరీక్షలు మరో మాట చెప్పాయి: తిమింగలానికి బతికున్న అతి దగ్గర బంధువు నీటిగుర్రం! ఎముకలు చదివేవాళ్లు చాలామంది మొదట ఒప్పుకోలేదు. వాళ్ల పట్టుదల తప్పని నేననుకోను. చూడనిదే నమ్మకపోవడం వాళ్ల వృత్తి. చివరికి 2001లో పాకిస్తాన్‌లో దొరికిన ప్రాచీన తిమింగలాల చీలమండ ఎముకలు వాళ్లను ఒప్పించాయి. రెండు చివర్లా కప్పీలా ఉండే ఆ ఎముక ఆవు, జింక, పంది వంటి రెండు గిట్టల జంతువుల సొంత గుర్తు.

ఇక మన రాళ్ల సంగతి. భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎ. రంగారావు జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర సేకరించిన దంతాలను బట్టి ఒక జంతువుకు 1971లో 'ఇండోహయస్' అని పేరు పెట్టారు. ఆయన పోయాక, ఇంట్లో మిగిలిన రాళ్లను భార్య అమెరికా పరిశోధకుడు హాన్స్ తెవిస్సెన్‌కు అప్పగించారు. శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె పొరపాటున పగిలి, లోపలి చెవి ఎముక బయటపడింది. దాని లోపలి అంచు దళసరిగా ఉంది. అప్పటివరకు అది తిమింగలాల్లో మాత్రమే కనబడిన లక్షణం! 2007లో ఈ ఫలితం వెలువడింది. దాదాపు 4 కోట్ల 80 లక్షల ఏళ్ల నాటి ఆ జంతువు పిల్లంత ఉండేది. కాళ్ల ఎముకలు బరువుగా ఉండటాన్ని బట్టి నీళ్లలో నడిచేదని తెలుస్తోంది.

ఇప్పుడు తిమింగలాలనూ డాల్ఫిన్‌లనూ రెండు గిట్టల జంతువుల క్రమంలోనే కలిపేశారు. 2009లో మన జాతీయ జలచరంగా ప్రకటించిన గంగా డాల్ఫిన్‌నే తీసుకోండి. వర్గం మమ్మేలియా, క్రమం ఆర్టియోడాక్టైలా, కుటుంబం ప్లాటనిస్టిడే, ప్రజాతి ప్లాటనిస్టా, జాతి గాంజెటికా. గంగ ఒడ్డున ఒక ఆవూ ఒక గుర్రమూ మేస్తున్నాయనుకోండి. ఆవుకు దగ్గర చుట్టం పక్కనున్న గుర్రం కాదు, నీళ్లలో ఉన్న ఆ డాల్ఫినే.