నెల్లూరు నుంచి గుడియం గుహలకు: ఒక్కరోజులో వెళ్లి రావాలంటే బండి ఎలా కుదుర్చుకోవాలి?

సెలవు వస్తే మన ఇళ్లలో మైపాడు బీచ్, పులికాట్, లేదంటే చెన్నై. ఈసారి పిల్లలకు ఆదిమానవుడి చోటు చూపిద్దాం అనుకునేవాళ్లకు దగ్గర్లోనే ఒకటి ఉంది. సరిహద్దు దాటగానే, తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో పూండి జలాశయం దగ్గరున్న గుడియం గుహలు.

ఆ చుట్టుపక్కలదే అత్తిరంపాక్కం. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు అక్కడ రాతి పనిముట్లు దొరికాయి. వాటిలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో పరిశోధకులు తేల్చారు. పూండిలో ఇలాంటి పనిముట్లు చూపే చిన్న మ్యూజియం కూడా ఉంది. ఇంకో మాట. మన కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో పోయే కృష్ణా నీళ్లు చేరేది ఈ పూండికే.

అయితే ఇక్కడ కష్టమంతా ప్రయాణంలోనే. గుహ దాకా బండి పోదు. గుడియం ఊరు దాటాక పొదల అడవిలో మూడు కిలోమీటర్లకు పైగా నడవాలి. రానుపోను, గుహ చూడడంతో కలిపి మూడు గంటలు పక్కన పెట్టుకోండి. మిగతా లెక్కంతా దీని చుట్టూనే వేసుకోవాలి.

రైల్లో అయితే

నెల్లూరు నుంచి చెన్నై బండెక్కి, సెంట్రల్‌లో దిగి, తిరువళ్లూరు లోకల్ పట్టుకోవాలి. సూళ్లూరుపేట వాళ్లు లోకల్‌లోనే వెళ్లి బేసిన్ బ్రిడ్జిలో మారొచ్చు. తిరువళ్లూరు నుంచి పూండి పది, పన్నెండు కిలోమీటర్లు, బస్సో ఆటోనో చూసుకోవాలి. ఖర్చు తక్కువే, కానీ మారడాలు, ఎదురుచూపులు కలిపితే నెల్లూరు వాళ్లకు ఒకవైపే ఐదారు గంటలు పడుతుంది. కాబట్టి రైల్లో వెళ్తే మ్యూజియం, జలాశయం చూసి రండి. గుహ ఆశ పెట్టుకోవద్దు.

కారులో అయితే

హైవే మీద నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా తడ. అక్కడ కుడివైపు తిరిగి వరదయ్యపాలెం, సత్యవేడు, ఊత్తుకోట, పూండి. చెన్నై ట్రాఫిక్ తగలదు. రానుపోను సుమారు 350 కిలోమీటర్లు. లీటరుకు 14 ఇచ్చే కారైతే 25 లీటర్లు, టోల్ అదనం.

అద్దె బండి అయితే ఈ నాలుగూ ముందే తేల్చుకోండి: కిలోమీటరు రేటు, కనీసం ఎన్ని కిలోమీటర్లకు కట్టాలి, డ్రైవర్ బత్తా, తమిళనాడు పర్మిట్ ఎవరిది. పర్మిట్ మాట ముందు అనుకోకపోతే సరిహద్దు దగ్గర గొడవే. పది, పన్నెండు మంది ఉంటే రెండు కార్లకన్నా ఒక్క టెంపో ట్రావెలర్ ఎంతకు వస్తుందో అడిగి చూడండి.

టైము ఇలా వేసుకోండి

ఫజర్ చదువుకుని ఆరింటికల్లా బయలుదేరితే ఎనిమిదికి తడ. నాస్తా అక్కడే కానిచ్చేసి పదికల్లా గుడియం. ఒంటిగంటకు నడక ముగించి జుహర్, భోజనం. తర్వాత మ్యూజియం. మూడున్నరకు తిరుగు ప్రయాణం మొదలుపెడితే ఏడున్నర, ఎనిమిదికి నెల్లూరు. అసర్, మగ్రిబ్ దారిలో వస్తాయి, ఎక్కడ ఆగాలో ముందే అనుకోండి. ఇంటి నుంచి పదింటికి కదిలితే ఈ లెక్క కుదరదు, చీకట్లో అడవిలో నడవాల్సి వస్తుంది. జుమా రోజు, రోజా రోజులు వద్దు. జనవరి, ఫిబ్రవరి మేలు.

దాదీ, నానీల సంగతి

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను "మీరు నడవలేరు లే" అని ఇంట్లో వదిలేయక్కర్లేదు. నడిచేవాళ్లను గుడియంలో దించి, బండి పెద్దవాళ్లను, చంటిపిల్లలను పూండికి తీసుకెళ్లాలి. వాళ్లు మ్యూజియం, జలాశయం చూస్తారు. ఒంటిగంటకు బండి మళ్లీ గుడియం రావాలి. అడవిలో ఫోను సిగ్నల్‌ను నమ్ముకోకుండా టైము, చోటు ముందే ఖాయం చేసుకోండి. పెద్దవాళ్లతో డ్రైవర్ కాకుండా ఇంటివాళ్లు ఒకరు ఉండాలి.

నడిచేవాళ్లకు మనిషికి రెండు లీటర్ల నీళ్లు, బూట్లు తప్పనిసరి. దారి తెలిసిన ఊరి మనిషిని వెంట తీసుకెళ్లండి. గుహలో తేనెపట్టులుంటాయి, కేకలు, పొగ వద్దు. కింద కనిపించిన రాయి బాగుందని పిల్లలు జేబులో వేసుకోకుండా చూడండి. అది ఎవరో లక్షల ఏళ్ల కింద చెక్కిన పనిముట్టు కావచ్చు. అక్కడ ఉంటేనే దానికి విలువ.

మ్యూజియం సెలవు ఏ రోజో బయలుదేరే ముందు కనుక్కోండి. అంతదూరం పోయి తాళం చూసి రావడం ఎవరికీ వద్దు.