ఫ్లైట్ సీటు గొడవ: గంట ప్రయాణంలో సీటు వెనక్కి వాల్చొచ్చా..? ముందు వాళ్ల హక్కా.. వెనక వాళ్ల మోకాళ్లా..?

హైదరాబాద్ నుంచి విశాఖ ఫ్లైట్ అనుకోండి. సీట్ బెల్ట్ సైన్ ఆరిందో లేదో, ముందు సీటు ఒక్కసారిగా ధడేల్‌మని వెనక్కి వచ్చింది. వెనక కూర్చున్నాయన ట్రే మీద వేడి టీ. సగం ఆయన ప్యాంటు మీద, సగం పక్కాయన మీద. ఇక మాటకు మాట. "సీటుకు బటన్ ఇచ్చింది ఎందుకండీ, వాడుకోడానికే కదా" అని ఒకరు. "నేను మాత్రం ఊరికే ఎక్కానా, డబ్బులు కట్టలేదా" అని ఇంకొకరు. తరచూ ఫ్లైట్ ఎక్కేవాళ్లకు ఈ సీన్ కొత్తేం కాదు. మరి ఇందులో తప్పెవరిది? అసలు గంట ప్రయాణానికి సీటు వాల్చాల్సిన అవసరం ఉందా?

వాల్చుకునే టైమ్ ఎంత..?

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. హైదరాబాద్ నుంచి విశాఖ, బెంగళూరు, చెన్నై, తిరుపతి.. ఇవన్నీ టికెట్ మీద గంట నుంచి గంటన్నర లోపు ప్రయాణాలే. అందులో రన్‌వే వరకు వెళ్లడం, దిగాక గేటు దగ్గరికి రావడం తీసేస్తే గాల్లో ఉండేది సుమారు 50 నిమిషాలు, గంట. టేకాఫ్ అయ్యాక సీట్ బెల్ట్ సైన్ ఆరేదాకా సీటు నిటారుగానే ఉండాలి. ల్యాండింగ్‌కు 20 నిమిషాల ముందు నుంచే మళ్లీ "సీటు నిటారుగా పెట్టండి, ట్రే మూసేయండి" అని అనౌన్స్‌మెంట్ మొదలవుతుంది. అంటే నిజంగా వెనక్కి వాల్చి కూర్చునేది అరగంట. ఆ అరగంటలోనే ట్రాలీ వస్తుంది, టీలు, ఉప్మా కప్పులు, బిర్యానీ బాక్సులు వస్తాయి. గొడవ జరిగేది కూడా సరిగ్గా అప్పుడే.

28 అంగుళాల్లో ఎవరి వాటా ఎంత..?

విమాన సీట్ల గురించి మాట్లాడేటప్పుడు 'సీట్ పిచ్' అనే మాట వింటుంటాం. ఒక సీటు మీద ఏదో ఒక పాయింట్ నుంచి, దాని వెనక సీటు మీద అదే పాయింట్ వరకు ఉన్న దూరం అది. చాలామంది ఇదంతా కాళ్లకు ఇచ్చిన జాగా అనుకుంటారు. కాదు. సీటు మందం కూడా అందులోనే. దేశీయ రూట్లలో తిరిగే లో కాస్ట్ విమానాల్లో ఎకానమీ పిచ్ 28 నుంచి 30 అంగుళాలు ఉంటుంది. 28 అంగుళాలంటే 71 సెంటీమీటర్లు. అందులోంచి సీటు మందం పోతే మోకాళ్లకు మిగిలేది ఎంతో ఆరడుగుల మనిషిని అడిగితే చెప్తాడు.

ఇక్కడ ఒక సంగతి ఉంది. సీటు వాల్చినప్పుడు అది కింద, నడుము దగ్గర మడత పడుతుంది. అందుకే మోకాళ్ల దగ్గర పెద్దగా తగ్గదు, ముఖం ముందు ఎక్కువ తగ్గుతుంది. పొట్టిగా ఉన్నవాళ్లు "నాకేం తగల్లేదే" అనుకుంటారు. కానీ ల్యాప్‌టాప్ తెరిచినవాళ్లకు అది పెద్ద ప్రమాదమే. స్క్రీన్ పై అంచు ట్రే పెట్టే గూట్లో ఇరుక్కుని, సీటు వెనక్కి వచ్చిన ఊపుకి పగిలిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఇంకో ప్రమాదం ఒళ్లో చంటిబిడ్డను కూర్చోబెట్టుకున్న తల్లికి. ఆ బిడ్డ తల సరిగ్గా ముందు సీటుకు జానెడు దూరంలో ఉంటుంది. టీ ఒలికితే ప్యాంటు ఉతుక్కోవచ్చు, ఇది అలాంటిది కాదు.

కంపెనీలకూ ఈ తలనొప్పి తెలుసు. అమెరికాకు చెందిన డెల్టా ఎయిర్‌లైన్స్ 2019లో తన ఏ320 విమానాల్లో ఎకానమీ సీటు వాలే దూరాన్ని 4 అంగుళాల నుంచి 2 అంగుళాలకు తగ్గించింది. యూరప్‌లో రైయానెయిర్, ఈజీజెట్ లాంటివి అసలు వాలని సీట్లే పెట్టాయి. బటన్ లేకపోతే గొడవే లేదు. పైగా ఆ మెకానిజం లేకపోతే బరువు తగ్గుతుంది, రిపేర్లు తగ్గుతాయి. ప్రయాణికుల మీద ప్రేమ ఒక్కటే కారణం కాదన్నమాట.

టేకాఫ్, ల్యాండింగ్‌లో ఎందుకు వద్దంటారు..?

ఇది మర్యాద విషయం కాదు, ప్రాణాల విషయం. కొత్త విమానానికి అనుమతి రావాలంటే సగం ఎగ్జిట్లు మాత్రమే వాడి, నిండుగా ఉన్న విమానంలోంచి అందరూ 90 సెకన్లలో బయటపడగలరని నిరూపించాలి. ప్రమాదాల రిస్క్ ఎక్కువగా ఉండేది కూడా టేకాఫ్, ల్యాండింగ్ టైమ్‌లోనే. అప్పుడు ఒక సీటు వాలి ఉంటే దాని వెనక ముగ్గురికి దారి ఇరుకవుతుంది. ఎమర్జెన్సీ ఎగ్జిట్‌కు ముందు వరుసలో సీట్లు వాలకుండా చేసేదీ అందుకే. కాబట్టి క్రూ వచ్చి "సర్, సీట్ అప్‌రైట్ ప్లీజ్" అన్నప్పుడు "ఇంకో ఐదు నిమిషాలు" అనే బేరం కుదరదు.

నీళ్లు చల్లుకున్నారు.. విమానం దారి మళ్లింది

ఈ గొడవ ఎంతదాకా వెళ్తుందో అమెరికా ఎప్పుడో చూసింది. 2014 ఆగస్టులో న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ నుంచి డెన్వర్ వెళ్తున్న యునైటెడ్ విమానంలో ఓ ప్రయాణికుడు ముందు సీటు వాలకుండా ట్రేకి చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు బిగించాడు. మోకాళ్లను కాపాడుకోడానికని మార్కెట్లో అమ్మే వస్తువే అది. తీయమని క్రూ చెప్పినా తీయలేదు. ముందు సీట్లో ఉన్న మహిళ లేచి అతని మీద నీళ్లు పోసింది. పైలట్ విమానాన్ని షికాగోలో దించి ఇద్దరినీ వదిలేసి వెళ్లాడు. విచిత్రం ఏంటంటే, వాళ్లు కూర్చున్నవి ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ ఉన్న సీట్లు!

2020 మొదట్లో మరో వీడియో ఫోన్లలో చక్కర్లు కొట్టింది. చివరి వరుసలో, వాలని సీట్లో కూర్చున్న ఒకాయన, ముందు మహిళ సీటును పదేపదే గుద్దుతున్న వీడియో అది. నెటిజన్లు సగానికి సగం చీలిపోయారు. అప్పుడు డెల్టా సీఈవో ఎడ్ బాస్టియన్‌ను ఓ టీవీ ఇంటర్వ్యూలో ఇదే అడిగారు. వాల్చుకునే హక్కు ప్రయాణికుడికి ఉంది, కానీ వాల్చే ముందు వెనక వాళ్లను ఒక మాట అడగడం పద్ధతి అన్నది ఆయన సమాధానం. తాను మాత్రం ఎప్పుడూ వాల్చనని కూడా చెప్పారు.

మన దగ్గర గొడవ పెట్టుకుంటే..?

మన దేశంలో సీటు వాల్చినందుకు ఎవరూ కేసు పెట్టరు. కానీ ఆ తర్వాత జరిగే దానికి పెట్టొచ్చు. డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధనల్లో విమానంలో దురుసు ప్రవర్తనను మూడు స్థాయిలుగా విడగొట్టింది. నోటి దురుసుకు 3 నెలల వరకు, నెట్టడం, తన్నడం, చేయి చేసుకోవడం దాకా వెళ్తే 6 నెలల వరకు విమానం ఎక్కకుండా నిషేధం పడొచ్చు. ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్లు, అంతకంటే ఎక్కువ. రెండంగుళాల కోసం ఆరు నెలలు.. లెక్క ఎవరికి వాళ్లు వేసుకోవాల్సిందే.

మరి ఎలా వాల్చాలి..?

ఆర్టీసీ సూపర్ లగ్జరీలో తిరిగినవాళ్లకు ఈ విద్య కొత్తగా నేర్పక్కర్లేదు. పుష్‌బ్యాక్ లాగేముందు ఒకసారి వెనక్కి తిరిగి "అండీ, కొంచెం వాలుస్తున్నా" అంటారు కదా, అంతే. ఫ్లైట్‌లోనూ అదే చాలు. చాలా గొడవలకు కారణం వాల్చడం కాదు, చెప్పకుండా, ఒక్క ఊపున వాల్చడం. బటన్ నొక్కి వీపుతో మెల్లగా తోస్తే వెనక వాళ్లు కప్పు పట్టుకునే టైమ్ ఉంటుంది.

తినే టైమ్‌లో మాత్రం సీటు నిటారుగా పెట్టాలి, దీనికి మినహాయింపు లేదు. పగటిపూట గంట ఫ్లైట్‌లో వాల్చకపోవడమే మేలు. అలా అని వాల్చిన ప్రతివాళ్లూ మర్యాద తెలియనివాళ్లు కాదు. అమెరికా నుంచి పదిహేను గంటలు కూర్చుని వచ్చి, ఢిల్లీలో దిగి, మళ్లీ విజయవాడ కనెక్టింగ్ ఫ్లైట్ ఎక్కిన పెద్దావిడకు ఆ రెండంగుళాలు నిజంగానే అవసరం. నడుం ఆపరేషన్ అయినవాళ్లకూ అంతే. అలాంటివాళ్లు ఒక మాట చెప్తే కాదనేవాళ్లు అరుదు.

వెనక కూర్చున్నవాళ్ల వైపు నుంచీ తప్పులు ఉంటాయి. మోకాళ్లతో సీటును తోయడం, లేచేటప్పుడు ముందు సీటు తలగడ పట్టుకుని వేలాడటం.. నిద్రలో ఉన్న మనిషిని జుట్టు పట్టి లేపినట్టే ఇది. ఇబ్బందిగా ఉంటే "అన్నా, ల్యాప్‌టాప్ ఉంది, రెండు నిమిషాలు కాస్త ముందుకు వేయవా" అని అడగొచ్చు. వినకపోతే కాల్ బటన్ నొక్కి క్రూకి చెప్పాలి. ఖాళీ ఉంటే వాళ్లే వేరే సీటు చూపిస్తారు. ఫోన్ తీసి వీడియో మొదలుపెడితే మాత్రం చిన్న గొడవ పెద్దదవుతుంది.

బుక్ చేసేటప్పుడే..

పొడుగ్గా ఉన్నవాళ్లు, ల్యాప్‌టాప్ మీద పని చేయాల్సినవాళ్లు సీట్ మ్యాప్‌లో ఎగ్జిట్ వరుసలు చూసుకోవడం మంచిది. ఏ320 లాంటి విమానాల్లో రెక్కల దగ్గర ఒకదాని వెనక ఒకటి రెండు ఎగ్జిట్ వరుసలు ఉంటాయి. రెండో దాంట్లో కూర్చుంటే కాళ్లకు జాగా ఎక్కువ, ముందు సీటు మీదికి వచ్చే భయం లేదు. కాకపోతే దానికి అదనంగా కట్టాలి, పిల్లలకు, గర్భిణులకు ఆ సీట్లు ఇవ్వరు. చంటిబిడ్డతో వెళ్లేవాళ్లకు మొదటి వరుస బెటర్, అక్కడ ముందు సీటే ఉండదు. ఇక నడుం వాల్చాలనుకునేవాళ్లు చివరి వరుస జోలికి పోకూడదు. వెనక గోడ ఉంటుంది కాబట్టి చాలా విమానాల్లో అక్కడి సీట్లు వాలవు, లేదా నామమాత్రంగా కదులుతాయి. టికెట్ చవగ్గా దొరికి, చివర్లో చెక్ ఇన్ చేసేవాళ్లకు ఎక్కువగా మిగిలేవి మాత్రం అవే.