కావలివాని రెండవ జీతము

ప్రభుత్వ మనగా నేమో సామాన్యునకు మొదట తెలియునది పోలీసు జవాను వలననే. శాసనసభను చూడనివారుందురు, న్యాయస్థానపు మెట్లెక్కని వారుందురు, కూడలిలో నిలిచిన జవానును చూడనివారుండరు. అతని టోపి, దుస్తులు, నడుమునకు వ్రేలాడు ఆయుధము, ఇవన్నియు ప్రజలు పన్నుల రూపమున సమకూర్చినవి. అవి ధరించి యతడు చూపు అధికారము కూడ ప్రజలిచ్చినదే. అట్టి యధికారమును పని లేని వేళలలో గంటల లెక్కన ఇతరులకు అద్దెకిచ్చుకొనవచ్చునా? ఇచ్చుకొనవచ్చు ననియే అమెరికాలోని పెక్కు నగరములు చిరకాలముగా సమాధానము చెప్పుచున్నవి. ఆ సమాధానము వలన కలుగు చిక్కులను గ్రహించుటకు న్యూ ఆర్లియన్స్ నగరపు ఇటీవలి చరిత్ర చాలును.

అచటి పద్ధతి యిది. అంగడి యజమాని గాని, చర్చి పెద్దలు గాని, పాఠశాలవారు గాని, మద్యశాల నడుపువాడు గాని, విందు చేయు గృహస్థు గాని తమకు రక్షణ కావలెనని కోరవచ్చును. పోలీసు ఉద్యోగి తన పని ముగిసిన పిదప, నగరమిచ్చిన దుస్తులతోను ఆయుధముతోను అచట నిలిచి, గంటకింత యని కూలి పుచ్చుకొనును. దీనిని వారు ‘పెయిడ్ డీటెయిల్’ అందురు. మనము కూలికావలి యనవచ్చును.

ఇందు తప్పేమున్నదని యెవరైన నడిగినచో ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. పోలీసు జీతము చాలని కుటుంబములు కలవు. ఒళ్ళు వంచి మరి నాలుగు గంటలు పనిచేసి పిల్లల చదువునకు సంపాదించుకొనుట దోషము కాదు. దుస్తులతో పోలీసు నిలిచియున్న చోట దొంగ వెనుకాడును. అది నగరమునకును మేలే. ఈ వాదములో సత్యమున్నది కనుకనే ఈ యాచారము అంతకాలము నిలిచినది. అయితే కూలి ఎవరి చేతినుండి వచ్చుచున్నది, ఎవరు పంచుచున్నారు, గంటలు ఎవరు లెక్కించుచున్నారు అను మూడు ప్రశ్నలను ఆ నగరము చాలకాలము అడుగలేదు.

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను ఆ నగరమును ముంచివేసెను. సెప్టెంబరు 4న డాంజిగర్ వంతెనపై నిరాయుధులైన పౌరులపై పోలీసులు కాల్పులు జరుపగా ఇద్దరు మరణించిరి. పోలీసు శాఖపై ప్రజలకున్న విశ్వాసము సన్నగిల్లెను. 2010 మేలో పదవి స్వీకరించిన మేయరు మిచ్ లాండ్రూ, తన పోలీసు శాఖనే విచారింపుమని దేశ రాజధానిలోని న్యాయశాఖను కోరెను. తన యింటి లెక్క చూడుమని పరుని పిలుచుట పాలకులకు అంత సులభమైన పని కాదు.

2011 మార్చిలో న్యాయశాఖ నివేదిక వెలువడెను. అకారణముగ బలప్రయోగము చేయుట, అక్రమముగ సోదాలు జరుపుట మొదలగు ఘోరములతోపాటు కూలికావలిని గూర్చియు అందు సుదీర్ఘముగ వ్రాయబడినది. అవినీతికి అది మహాధమని వంటిదను మాట ఆ నివేదికలో కలదు. పెక్కు దోషములు అందు చూపబడినవి. అది అవినీతికి దారి తీయుచున్నది. ఉద్యోగులను అలసటపాలు చేయుచున్నది. పోలీసు రక్షణ పౌరులందరకు సమముగ అందకుండ చేయుచున్నది. శాఖకు ఆదాయము కాక వ్యయము కలిగించుచున్నది. పై యధికారుల అదుపును సడలించుచున్నది.

కడపటి దోషము కొంత వివరింపదగినది. కూలికావలి పనులను పంచుటకు ఆ శాఖలో మధ్యవర్తులు వెలసిరి. వారును పోలీసులే. ఏ యంగడికి ఎవరిని పంపవలెనో, ఎవరికెన్ని గంటలు ఇయ్యవలెనో వారే నిర్ణయించువారు. ఒక్కొక్కప్పుడు చిన్న హోదాలోని ఉద్యోగి చేతిలో ఈ పంపకముండును. అతని పై యధికారి పనికొఱకు అతని కడకే రావలసియుండును. పగలు తాను ఆజ్ఞాపించువానినే రాత్రి కూలికొఱకు యాచించిన యధికారి, మరునాడు అతని తప్పును పట్టగలడా? క్రమశిక్షణ అనునది కాగితముపై నిలిచి, యథార్థమున తలక్రిందులైనది.

సమత్వమును గూర్చిన దోషము ఇంతకంటె బాధాకరము. ధనికుల వీధికి అదనపు కావలి దొరకును; వారు కొనగలరు. పేదల వీధికి దొరకునది నగరము పంపిన జవాను మాత్రమే. ఆ జవాను ముందురాత్రి వేరొకచోట కూలికి నిలిచి, నిద్రలేని కన్నులతో పనికి వచ్చినచో, ఆ నష్టము పేదవీధిదే. పన్ను ఇరువురును కట్టిరి. రక్షణలో మేలుకువయంతయు ఒకరికి, అలసటయంతయు వేరొకరికి చేరెను.

దిద్దుబాటు తేలికగ జరుగలేదు. 2012 జూలైలో నగరమును న్యాయశాఖయు ‘కన్సెంట్ డిక్రీ’ అను ఒప్పందము చేసికొన్నవి. 2013 జనవరిలో ఫెడరల్ న్యాయమూర్తి సూసీ మోర్గన్ దానిని ఆమోదించిరి. పిలిచిన నగరమే వ్యయమునకు వెరచి, పిదప ఆ యొప్పందమును రద్దుచేయుమని వేడుకొనెను, న్యాయస్థానము అంగీకరింపలేదు. పోలీసు సంఘములు తమ ఆదాయము తగ్గునని ఎదిరించినవి. ఎట్టకేలకు కూలికావలి పంపకము పోలీసుల చేతినుండి తీసివేయబడి, నగరపాలనకు చెందిన పౌర కార్యాలయమున కప్పగింపబడెను. కావలి కోరువారు ఆ కార్యాలయమునకే దరఖాస్తు చేయవలెను. కూలిరేట్లు నగరమే నిర్ణయించును. పని వంతుల ప్రకారము పంచబడును. గంటలకు పరిమితి యుండును. సొమ్ము లెక్కలలో వ్రాయబడి చేతికి వచ్చును.

ఇంతటితో కథ సుఖాంతమైనదని చెప్పుటకు వీలులేదు. 2021లో ఆ నగరముననే మరల ఆరోపణలు బయలుదేరినవి. కొందరు ఉద్యోగులు ఒకే వేళకు నగరము కడ జీతమును, ప్రైవేటువారి కడ కూలిని పొందిరని స్థానిక టెలివిజన్ విలేఖరులు వెల్లడించిరి. విచారణలు జరిగినవి. ఇది చూచి, కార్యాలయము పెట్టి ప్రయోజనమేమని కొందరు నిరుత్సాహపడిరి. నాకు తోచునది వేరు. ఆ యారోపణ పుట్టుటయే ఆ కార్యాలయపు ప్రయోజనము. పూర్వము ఈ కూలి చేతినుండి చేతికి పోవుచుండెను. పోల్చి చూచుటకు కాగితమే లేదు. ఇప్పుడు రెండు లెక్కలున్నవి. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టినంతనే అబద్ధము కనబడును.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్కను చేయించి చూడవచ్చును. ఒక జవాను ఉదయము పది గంటలనుండి సాయంకాలము ఆరు గంటలవరకు నగరపు పనిలో నున్నట్లు ఒక కాగితము చెప్పుచున్నదనుకొనుడు. అదే దినమున రెండు గంటలనుండి ఆరు గంటలవరకు ఒక అంగడి ముందు నిలిచినట్లు రెండవ కాగితము చెప్పుచున్నది. ఎన్ని గంటలకు రెండు కూలులు ముట్టినవి? నాలుగు. ఇది ఐదవ తరగతి బాలుడు చేయగల తీసివేత. అట్టి తీసివేత చేయుటకు ఒక మహానగరమునకు సంవత్సరములు పట్టినది. లెక్క కష్టమై కాదు, రెండు కాగితములను ఒకచోట చేర్చు బాధ్యత ఎవరిపైనను లేకపోవుటచే.

మన తెలుగువారు అనేకులు నివసించు జెర్సీ సిటీ నగరమునను ఇట్టి చరిత్రయే నడచినది. ఆ నగర పోలీసు శాఖకు అధిపతిగ నుండి 2017లో పదవి విరమించిన వ్యక్తి, 2018లో న్యాయస్థానము ముందు తన నేరము నొప్పుకొనెను. పేదలకై కట్టిన ప్రభుత్వ గృహసముదాయమునకు కావలియుండినట్లు గంటల పట్టికపై సంతకము చేసి, చేయని పనికి ముప్పదియొక వేల డాలర్లకు పైగ పుచ్చుకొనుట ఆ నేరము. మరికొందరు పోలీసులును ఇట్టి నేరములనే యంగీకరించిరి. ఆ నగర మేయరు ఈ కూలికావలి పద్ధతినే క్రమముగ ఎత్తివేయుదునని ప్రకటించెను. సొమ్ము సంగతి అటుంచి, ఆ గృహములలోని వృద్ధులను, బిడ్డలను తలచుకొనుడు. కావలి యున్నదని పట్టికలో నున్నది. గుమ్మము కడ లేదు.

అర్థశాస్త్రమున కౌటిల్యుడు అధికారులు ధనమపహరించు విధములను నలువదిగ లెక్కించెను. కాలమును తారుమారు చేసి లెక్క వ్రాయుటయు వానిలో నొకటి. ఇన్ని శతాబ్దముల పిదపను దొంగగంటల యుపాయము మారలేదు. మారవలసినది, మారగలది, లెక్క చూచువాని జాగరూకత.

మన దేశపు సంగతి కొంత భిన్నము. అమెరికాలో నగర పోలీసులు మేయరునకును నగరసభకును లోబడియుందురు. మన రాజ్యాంగము ప్రకారము పోలీసు రాష్ట్ర ప్రభుత్వపు విషయము; పురపాలక సంఘమునకు దానిపై అధికారము లేదు. 1861 నాటి పోలీసు చట్టపు 10వ సెక్షను, వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే పోలీసు ఉద్యోగి వేరు కొలువు చేయరాదని విధించెను. ఎవరికైన అదనపు రక్షణ కావలసినచో 13వ సెక్షను ననుసరించి వ్యయము తామే భరింపవలెను. అయినను ఆ బలగము ప్రభుత్వాధికారుల యాజ్ఞకే లోబడియుండును. సొమ్మిచ్చువాడు యజమాని కాజాలడు. ఈ సూత్రము వివేకముతో కూడినది.

ఐనను మనము గర్వపడుటకు తొందరపడరాదు. చట్టము రెండవ జీతమును నిషేధించినచోటనే, పట్టికకెక్కని ‘మామూలు’ వర్ధిల్లుట మన మెఱుగుదుము. పట్టికలో తప్పు వ్రాసినవానిని పట్టుకొనవచ్చును. అసలు పట్టికయే లేనిచో పట్టుటకేమున్నది? కంచె చేను మేయుట మనకు సామెత మాత్రమే కాదు.

అయితే లెక్కను వెలుగులోనికి తెచ్చు విద్యను మన పల్లెలు నేర్వకపోలేదు. ఉపాధి హామీ పనులలో సామాజిక తనిఖీ 2006లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనది. ఊరివారి యెదుట మస్టరు చదివిరి. ఎవరెన్ని దినములు పనిచేసిరో, ఎవరి కెంత ముట్టినదో పేరు పేరున వినిపించిరి. మస్టరులో నున్న పని చేలో లేనిచో, అక్షరము రాని కూలివాడును లేచి అడుగగలిగెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము అట్టి ప్రశ్న నడుగు అధికారమును ప్రతి పౌరునకు నిచ్చినది.

న్యూ ఆర్లియన్స్ నేర్చిన పాఠమును, మన పల్లె రచ్చబండ నేర్చిన పాఠమును ఒక్కటే. మంచివారిని ఎన్నుకొని కావలికి నిలుపుట అవసరము, అంతటితో చాలదు. కావలివాని గంటలు వ్రాయు పుస్తకము ఒకటుండవలెను. అది అతని చేతిలో నుండరాదు. తెరచి చదువుటకు పౌరునకు హక్కుండవలెను, ఓపికయు నుండవలెను. హక్కును చట్టము ఇయ్యగలదు. ఓపికను పాఠశాల నేర్పవలెను. కూడికలు తీసివేతలు నేర్పుచు, ఈ లెక్క ఎవరిది, దీనిని ఎవరు చూడవలెను అని బిడ్డలచేత నడిగించు ఉపాధ్యాయుడు, తనకు తెలియకయే ఆ యూరికొక కావలివానిని సిద్ధము చేయుచున్నాడు.