బాటప్రక్క వేపచెట్ల కొనయెండు తెగులు

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల రైతులకు వేపచెట్టునుగూర్చి క్రొత్తగా చెప్పనక్కరలేదు. గట్లమీదను, కల్లములయొద్దను, ఊరిబాటల కిరుప్రక్కలను నీడ నిచ్చునది ముఖ్యముగా నీ చెట్టే. అట్టి వేప 2021వ సంవత్సరమున వానకాలము వెనుకబడిన పిదప తెలంగాణమునందును, ఆంధ్రప్రదేశ్‌లోని పలు జిల్లాలయందును కొనలనుండి మాడి, నిప్పుసెగ తగిలినట్లు కనబడెను.

దీనికి మూలము ఫోమాప్సిస్ అను శిలీంధ్రము. లేతరెమ్మల రసమును పీల్చు టీదోమ దీనికి తోడగుచున్నది. పేరునకు దోమయే గాని యిది నల్లిజాతి పురుగు. జీడిమామిడి తోటలవారికి పరిచితమే. తెగులు విత్తనముద్వారాకూడ వ్యాపించును.

కొమ్మలు మాడినంతమాత్రమున చెట్టు చచ్చెనని తలచి గొడ్డలి వేయుట తొందరపాటు. బెరడును గోటితో గీచి చూడవలయును. లోపల పచ్చగా నున్నచో ప్రాణమున్నదని యెరుంగునది. అట్లెండిన చెట్లు పెక్కు మరుసటి వేసవికి మరల చిగిర్చినవి. ఎండిన రెమ్మలను పచ్చిభాగము వరకు కోసి కాల్చివేయుట మంచిది.

ఒకే జాతిచెట్టును బాటపొడవునను నాటుటవలన కలుగు నష్టమును సీమదేశములవారు ఎల్మ్ అను చెట్టు విషయమున చవిచూచిరి. బెరడుపురుగులు మోసికొనివచ్చిన శిలీంధ్రము ఆ చెట్టు నీటినాళములను పూడ్చివేయును. ప్రక్కప్రక్కనున్న చెట్ల వేళ్లు నేలలో కలిసికొనుటచే తెగులు వరుసలో నొకదానినుండి మరియొకదానికి ప్రాకును. 1960వ దశకము పిమ్మట, మరింత తీవ్రమైన రకము వ్యాపించి, ఇంగ్లాండు మొదలగు బ్రిటను ప్రాంతములలో 2½ కోట్లకు పైగా చెట్లు నశించెను. అమెరికాలో 1922లో అందమునకై యెన్నికచేసిన ప్రిన్స్‌టన్ అను రకము తరువాత తెగులును తట్టుకొనునదిగా తేలెను. హాలెండువారు మన హిమాలయపు ఎల్మ్‌తో సంకరము చేసి మరికొన్ని రకములను సాధించిరి. ఇవియు తెగులును ఓర్చునవే గాని బొత్తిగా సోకనివి కావు.

కొందరు పచ్చగా మిగిలిన వేప విత్తులు నాటిన చాలునందురు. అది పూర్తిగా నిజము కాదు. ఆ చెట్టు తెగులు తగులక తప్పించుకొనినదై యుండవచ్చును. విత్తుమొక్క తల్లిగుణమునే పొందునన్న నిశ్చయమును లేదు. ఎల్మ్‌లను శిలీంధ్రము నెక్కించి పరీక్షించి, నిలిచినవానిని కొమ్మలనుండియే పెంచిరి. అది దశాబ్దముల పని.

అందాక రైతు చేయదగినది జాతులను కలిపి నాటుట. రెండు వేపల నడుమ కానుగనో, నెమలినారనో నిలుపవలయును. చింతయు మేలే గాని, దాని నీడను పైరు రాదు గనుక బాటకే తగును, గట్టునకు కాదు. నెమలినార ఎల్మ్ కుటుంబమునకే చెందిన మన నల్లమల చెట్టు. ఆకు నలిపిన దుర్వాసన గలుగుటచే గుర్తించుట సులభము. రెక్కలవంటి పొరతో గుండ్రముగా నుండు దాని కాయలను, వేసవిలో గాలికి కొట్టుకొనిపోకముందే యేరి, ఆరబెట్టి, వానలు పడగానే నారుమడిలో చల్లవలయును.